42 ఏళ్ల తొలి కాన్పు: నెలలు నిండకముందే బిడ్డను ఎందుకు తీయాల్సి వచ్చింది

(గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసేశాం, కొన్ని మార్చాం. వారాలు, మోతాదులు, నిర్ణయాల వరుస మాత్రం ఉన్నవి ఉన్నట్టే.)

నేపథ్యం

ఆమెకు 42 ఏళ్లు. గతంలో రెండుసార్లు గర్భం నిలిచి మూడో నెల లోపే పోయింది, రెండుసార్లూ డీ అండ్ సీ (ముఖద్వారం తెరిచి గర్భసంచిని శుభ్రం చేయడం) చేశారు. ఐవీఎఫ్‌లో ఒకే పిండాన్ని ప్రవేశపెట్టాక ఈ గర్భం నిలిచింది. 9 వారాలప్పుడు ఫెర్టిలిటీ సెంటర్ నుంచి మా దగ్గరికి పంపారు. మాది పట్టణంలో చిన్న ఆసుపత్రి. సిజేరియన్ చేయగలం. పుట్టిన బిడ్డకు వార్మర్, ఆక్సిజన్ ఉన్నాయి. సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే పరికరం), వెంటిలేటర్ ఉన్న నవజాత శిశువుల ఐసీయూ, అంటే ఎన్‌ఐసీయూ లేదు. ఈ కేసులో సగం నిర్ణయాలు ఆ లోటు చుట్టూనే తిరిగాయి.

మొదటి రోజు బీపీ 132/84, బీఎంఐ 31, హిమోగ్లోబిన్ 10.9, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 5.8, థైరాయిడ్ బాగానే ఉంది. గర్భసంచి వెనక గోడలో 4 సెం.మీ. ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) ఉంది కానీ లోపలి పొర జోలికి రాలేదు.

37 వారాలు నిండకముందు అయ్యే ఏ కాన్పయినా నెలలు తక్కువ కాన్పే. తల్లి వయసుతో ఈ ముప్పు ఒకే దిశలో పెరుగుతూ పోదు. మరీ చిన్న వయసులో ఎక్కువ, మధ్యలో తగ్గుతుంది, 40 దాటాక మళ్లీ పెరుగుతుంది. కెనడాలోని క్యూబెక్‌లో లక్షా 84 వేల కాన్పులను పరిశీలించి 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం 30–34 ఏళ్ల తల్లుల్లో నెలలు తక్కువ కాన్పులు అన్నిటికన్నా తక్కువ, సుమారు 5.7 శాతం. 40 దాటినవారిలో సుమారు 7.8 శాతం. బీపీ, షుగర్, ఐవీఎఫ్ లాంటివాటి ప్రభావాన్ని లెక్కలోంచి తీసేశాక కూడా కొంత తేడా మిగిలింది, కానీ అది కొంతే. అంటే వయసు తనంతట తాను చేసే హాని చిన్నది, వెంటబెట్టుకొచ్చేవి చేసే హాని పెద్దది. వయసును తగ్గించలేం. వెంట వచ్చినవాటిలో కొన్నిటిని పట్టుకోవచ్చు.

పట్టుకోవాలంటే ముందు ఒక విభజన చేసుకోవాలి. నెలలు నిండని కాన్పుకు రెండు దారులున్నాయి. ఒకటి, నొప్పులు రావడమో, ఉమ్మనీరు పోవడమో, గర్భసంచి ముఖద్వారం తెరుచుకోవడమో దానంతటదే జరగడం. రెండోది, తల్లికో బిడ్డకో ప్రమాదమని డాక్టరే కాన్పు చేయడం. వయసు పైబడినకొద్దీ రెండో దారి వాటా పెరుగుతుంది, ఎందుకంటే రక్తనాళాలు, బీపీ, మాయ పనితీరు అన్నీ అటే లాగుతాయి. ఫైలు మొదటి పేజీలో రెండు గళ్లు గీసి, చేసే ప్రతి పనీ ఏ దారికి అడ్డమో రాసుకుంటూ వచ్చాం.

42 ఎవరి వయసు?

బయట చేయించిన డబుల్ మార్కర్ (రక్తపరీక్ష), ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొర కొలత) కలిపి డౌన్ సిండ్రోమ్ ముప్పు 1:95 అని రిపోర్టు వచ్చింది. హై రిస్క్ అని ఎర్ర అక్షరాల్లో ఉంది, కింద ఉమ్మనీటి పరీక్ష చేయించమన్న సలహా. ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. ల్యాబ్ ఫారంలో ఐవీఎఫ్ గడికి టిక్ ఉంది. అండం ఎవరిదన్న గడి ఖాళీ.

ప్రతిసారీ అత్తగారు పక్కనే ఉంటున్నారు. అందుకే బరువు చూసే గదిలో నర్సు ఆమెతో ఒంటరిగా మాట్లాడింది. "అమ్మా, ఒక మాట అడుగుతాను. అండం మీదేనా, దాతదా? కార్డు మీద రాయం, ఇంట్లో ఎవరికీ చెప్పం." ఆమె తలుపు వైపు చూసి, "దాతదేనండి. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలీదు" అంది.

క్రోమోజోమ్ లోపాల ముప్పు అండం వయసును బట్టి ఉంటుంది, మోసే తల్లి వయసును బట్టి కాదు. 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి చికిత్సలను నియంత్రించే చట్టం) ప్రకారం అండదాత 23–35 ఏళ్ల మధ్య ఉండాలి. సెంటర్‌కు ఫోన్ చేస్తే ఈ దాతకు అండం తీసిననాటికి 26 అని చెప్పారు. అదే రక్తం ఫలితాలు, అదే ఎన్‌టీ కొలత, వయసు గడిలో 26 వేసి ల్యాబ్ మళ్లీ లెక్క కడితే ముప్పు 1:2,100 కన్నా తక్కువకు పడిపోయింది. ఉమ్మనీటి పరీక్ష అక్కర్లేకుండా పోయింది. ఆ పరీక్షతో గర్భం పోయే అవకాశం చిన్నదే కానీ, అవసరం లేనప్పుడు ఆ కొంచెం మాత్రం ఎందుకు?

ఇదే సమాచారం మా ఫైల్లోని రెండో గడిలో, అంటే డాక్టరే కాన్పు చేయాల్సి వచ్చే దారిలో మాత్రం బరువు పెంచింది. నెలలు నిండని కాన్పు ముప్పు మోసే ఒంటిది. అక్కడ 42 నలభై రెండే. పైగా దాత అండంతో వచ్చిన గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి కిడ్నీ, లివర్ లాంటి అవయవాలు దెబ్బతినే జబ్బు) ఎక్కువ. హార్మోన్ మాత్రలతో గర్భసంచిని సిద్ధం చేసి ఫ్రీజ్ చేసిన పిండాన్ని పెట్టినప్పుడు తల్లిలో కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలి హార్మోన్లు ఇచ్చే భాగం) ఉండదు, అదీ బీపీ ముప్పును పెంచుతుంది. ఈమెకు రెండూ వర్తిస్తాయి.

మొదట తీసేసినవి

మా దగ్గరికి వచ్చేసరికి ఆమెకు నెలలు తక్కువ కాన్పు కాకుండా అని వారానికో హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ కాప్రోయేట్ (హార్మోన్) ఇంజెక్షన్ పడుతోంది, ఇంకా పూర్తి బెడ్ రెస్ట్. బాత్రూమ్‌కు తప్ప లేవనివ్వడం లేదు, అన్నం కూడా మంచం దగ్గరికే వస్తోంది.

ఇంజెక్షన్ ఆపాం. పెద్ద ట్రయల్‌లో దానికి ప్రయోజనం తేలకపోవడంతో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 ఏప్రిల్‌లో అనుమతినే వెనక్కి తీసుకుంది. అయినా మన దగ్గర గర్భం విలువైనదనుకున్న ప్రతిచోటా ఇంకా పొడుస్తూనే ఉన్నారు.

బెడ్ రెస్ట్ మాన్పించడం అంతకన్నా కష్టమైంది. "ఇన్నేళ్లకు నిలిచింది డాక్టరుగారూ, నడిపించి పోగొట్టుకోమంటారా?" అని అత్తగారు నిలదీశారు. పడుకోబెడితే నెలలు తక్కువ కాన్పు తగ్గుతుందని ఏ పరీక్షలోనూ తేలలేదు. 35 దాటిన వయసు, 30 దాటిన బీఎంఐ, ఐవీఎఫ్ గర్భం ఉన్నవాళ్లు కదలకుండా పడుకుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, షుగర్ కూడా ఎక్కుతుంది. అత్తగారికి గడ్డల సంగతి చెబితే అర్థమైంది. పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు నడక, మామూలు వంటపని సరేనన్నారు. బరువులు ఎత్తొద్దన్నాం.

ఆస్పిరిన్: చీటీలో ఒకటి, స్ట్రిప్‌లో ఇంకొకటి

బీపీ దారికి అడ్డంగా 12 వారాల నుంచి రాత్రిపూట ఆస్పిరిన్ 150 మి.గ్రా. రాశాం. 2017లో వచ్చిన ఆస్ప్రే ట్రయల్‌లో, ముప్పు ఎక్కువున్న తల్లులకు 11–14 వారాల నుంచి 36 వారాల దాకా ఈ మోతాదు ఇస్తే, 37 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చేంత ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. 16 వారాల లోపు మొదలుపెట్టాలనేది అందులో కీలకం. మాయలోకి వెళ్లే తల్లి రక్తనాళాలు వెడల్పయ్యే పని ఆ లోపే చాలావరకు అయిపోతుంది.

16వ వారం విజిట్‌కు మందులన్నీ సంచీలో తెమ్మన్నాం. స్ట్రిప్ వెనక్కి తిప్పి చూస్తే 75 మి.గ్రా. షాపులో 150 లేక 75 ఇచ్చారు. చీటీలో "రాత్రి ఒకటి" అని ఉంది కాబట్టి ఆమె ఒకటే వేసుకుంటోంది. నాలుగు వారాలు సగం మోతాదు. సగం మోతాదు అంటే సున్నా కాదు, కానీ ట్రయల్‌లో పనిచేసింది ఇది కాదు. ఆ రోజు నుంచి చీటీలో "75 మాత్రలు రెండు కలిపి, రాత్రి అన్నం తిన్నాక" అని రాయడం మొదలుపెట్టాం. అదే సంచీలో ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ ఒకే పూట వేసుకుంటున్నట్టు తేలింది. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. హిమోగ్లోబిన్ 10.9 దగ్గరే ఆగిపోవడానికి అది కూడా కారణమై ఉండొచ్చు.

ముఖద్వారం: 34 కాదు, 19

19 వారాల 4 రోజులకు చేయించిన అనామలీ స్కాన్ (బిడ్డ అవయవాల లోపాలు చూసే స్కాన్) రిపోర్టులో "సర్విక్స్ 34 మి.మీ., నార్మల్" అని ఉంది. పొట్ట మీద నుంచి, మూత్రాశయం నిండా ఉన్నప్పుడు తీసిన కొలత అది. నిండిన మూత్రాశయం గర్భసంచి కింది భాగాన్ని నొక్కి, ముఖద్వారాన్ని ఉన్నదానికన్నా పొడుగ్గా చూపిస్తుంది. లోపల తెరుచుకుంటున్నా మూసి ఉన్నట్టు కనబడుతుంది. రెండు డీ అండ్ సీలు అయిన మనిషి విషయంలో ఆ అంకె మీద ఆధారపడలేం.

మర్నాడు మూత్రానికి వెళ్లి రమ్మని, టీవీఎస్ (యోనిలో నుంచి చేసే స్కాన్) చేశాం. ప్రోబ్‌ను ముఖద్వారం ముందున్న సందులో (ముందు ఫోర్నిక్స్‌లో) పెట్టి, బొమ్మ కనబడగానే కొంచెం వెనక్కి లాగాలి. ముఖద్వారం ముందు పెదవి, వెనక పెదవి ఒకే మందంలో కనబడితేనే ఒత్తిడి లేదని అర్థం. లోపలి ద్వారం నుంచి బయటి ద్వారం దాకా గీత గీయాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి చూడాలి, ఎందుకంటే ఈ కొలత చూస్తుండగానే మారుతుంది. మూడు కొలతల్లో చిన్నది తీసుకోవాలి. మొదటిది 24 వచ్చింది, నాలుగో నిమిషంలో లోపలి ద్వారం గరాటులా విచ్చుకుని 19 అయింది. తొందరపడి ఉంటే 24 రాసి పంపేవాళ్లం.

25 మి.మీ. కన్నా తక్కువంటే పొట్టి ముఖద్వారమే. ఇప్పుడేం చేయాలి? ముఖద్వారానికి కుట్టు వేయమని ఇంటివాళ్లు అడిగారు. గతంలో నెలలు తక్కువ కాన్పో, నాలుగైదు నెలలకు గర్భం జారిపోవడమో ఉండి, ఇప్పుడు ముఖద్వారం పొట్టిగా ఉంటే కుట్టు మేలు చేస్తుంది. ఈమెకు పోయినవి రెండూ మూడో నెలలోపు గర్భాలు, అవి ఆ లెక్కలోకి రావు. ఒకే బిడ్డ, అలాంటి చరిత్ర లేదు, పొట్టి ముఖద్వారం మాత్రమే ఉంది. ఇలాంటివారికి యోనిలో పెట్టే ప్రొజెస్టిరాన్‌కే ఎక్కువ ఆధారం ఉంది. 2007 ట్రయల్‌లో 15 మి.మీ. లేదా అంతకన్నా తక్కువున్నవారికి రాత్రికి 200 మి.గ్రా. పెడితే 34 వారాల లోపు కాన్పులు 34.4 శాతం నుంచి 19.2కు తగ్గాయి. ముఖద్వారం చుట్టూ తొడిగే సిలికాన్ రింగు (పెస్సరీ) ఫలితాలు నిలకడగా లేవు, దాని జోలికి పోలేదు. 10 మి.మీ. లోపుకు పడిపోతే కుట్టు మాట మళ్లీ తీద్దామని ఫైల్లో రాసుకున్నాం.

ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్ చూడటానికి మింగేదానిలాగే ఉంటుంది. చాలామంది మొహమాటపడి నోట్లో వేసుకుంటారు. అప్పుడు మత్తు వస్తుంది, ముఖద్వారానికి చేరాల్సింది చేరదు. పడుకునే ముందు, చేతులు కడుక్కుని, వేలు పోయినంత లోపలికి పెట్టుకోవాలని నర్సు బొమ్మ గీసి చూపింది. పొద్దున నూనెలా కారడం మామూలే. నీళ్లలా పోతే మాత్రం రావాలి.

మూత్రం కల్చర్‌లో లక్షకు పైగా ఈ. కోలై బ్యాక్టీరియా వచ్చింది, మంట లేదు, జ్వరం లేదు. అయినా నైట్రోఫ్యూరాంటాయిన్ వారం రోజులు ఇచ్చి, ఆపాక మళ్లీ కల్చర్ చేశాం. గర్భిణుల్లో లక్షణాలు లేని ఇన్ఫెక్షన్‌ను కూడా వదిలిపెట్టకూడదు. తర్వాతి కొలతలు 21 వారాలకు 17, 22కు 18, 24కు 17. ఆగింది.

రెండో దారి తెరుచుకుంది

25 వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్షలో రెండు గంటల విలువ 152. 140 దాటితే గర్భిణీ షుగరే. అన్నం కొలత తగ్గించి, పప్పు, కూర పెంచి, తిన్నాక నడిపిస్తే అదుపులోకి వచ్చింది.

27 వారాలకు బీపీ 148/94. ఆమె పై చేయి చుట్టుకొలత 35 సెం.మీ. బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే మామూలు కఫ్ 32 దాకానే పనికొస్తుంది, అంతకన్నా లావు చేతికి చుడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. పెద్ద కఫ్‌తో చూస్తే 142/90. తగ్గింది కానీ ఇంకా ఎక్కువే. బీపీ మందు లాబెటలాల్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి 200 చొప్పున మూడుసార్లకు తీసుకెళ్లాం. ఇంటికి పెద్ద కఫ్ ఉన్న మెషీన్ కొనిపించి, ఐదు నిమిషాలు కూర్చున్నాక రెండు పూటలా చూసి నోట్‌బుక్‌లో రాయమన్నాం. పై అంకె 160 గానీ కింది అంకె 110 గానీ తగిలితే ఫోన్ చేయకుండా నేరుగా వచ్చేయాలి.

ఇక్కడే బంధువుల్లో ఒక డాక్టర్ 28 వారాలకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేసేయమన్నారు, ముందుజాగ్రత్తగా. వేయలేదు. బిడ్డ ఊపిరితిత్తులకు స్టెరాయిడ్ చేసే మేలు వేసిన వారం రోజుల లోపు కాన్పయితేనే బాగా దక్కుతుంది. వారంలో కాన్పయ్యే సూచన ఏదీ అప్పటికి లేదు. ముందే వేసుకుంటే అసలు అవసరమైన రోజున మళ్లీ వేయాలా వద్దా అన్న మీమాంసలో పడతాం, షుగర్ కూడా పెరుగుతుంది.

29 వారాల 3 రోజులకు బిడ్డ బరువు అంచనా 9వ సెంటైల్ (అదే వారాల బిడ్డలు నూరుమందిలో అడుగు నుంచి తొమ్మిదో స్థానం), బొడ్డుతాడు డాప్లర్‌లో (రక్తప్రవాహం చూసే స్కాన్) నిరోధం పెరిగింది, డయాస్టోలిక్ ప్రవాహం (గుండె రెండు కొట్టుకోవడాల మధ్య రక్తం పారడం) ఉంది. వారానికోసారి డాప్లర్ పెట్టాం. ఎన్‌ఐసీయూ ఉన్న బోధనాసుపత్రికి అప్పుడే ఒకసారి పంపి ఫైలు చూపించి రమ్మన్నాం, ఆపద రోజున అక్కడికి కొత్త మనిషిగా వెళ్లకూడదని.

31 వారాల 2 రోజులకు తలనొప్పితో వచ్చింది. 168/110, యూరిన్ ప్రొటీన్ 3 ప్లస్. మా దగ్గరే కాన్పు చేస్తే పుట్టిన బిడ్డకు అక్కడిదాకా రెండున్నర గంటల అంబులెన్స్ ప్రయాణం. తల్లి పొట్టను మించిన అంబులెన్స్ లేదు. బీపీ దించి, ఫిట్స్ రాకుండా చూసి, బిడ్డను లోపల ఉంచే పంపాలి. లాబెటలాల్ 20 మి.గ్రా. నరానికి, పది నిమిషాలకు తగ్గకపోతే 40. రెండో మోతాదుకు 150/98కి వచ్చింది. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ 50 శాతం ఆంప్యూల్ 2 మి.లీ.లో 1 గ్రాము ఉంటుంది. నాలుగు ఆంప్యూళ్లు అంటే 8 మి.లీ., దానికి 12 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపితే 20 శాతం ద్రావణం. అది నరానికి నెమ్మదిగా, తర్వాత ఒక్కో పిరుదులో 5 గ్రాములు. కండరానికి ఇచ్చిన మోతాదు నాలుగు గంటలు కాస్తుంది, ప్రయాణానికి సరిపోతుంది. స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ 6 మి.గ్రా. మొదటి డోసు బయల్దేరే ముందే వేశాం. ఇదే సరైన సమయం.

చాలా రిఫరల్ చీటీల్లో "మెరుగైన చికిత్స కోసం" అని ఒక్క ముక్క ఉంటుంది. దాంతో అక్కడి డ్యూటీ డాక్టర్‌కు ఏమీ తెలియదు. మెగ్నీషియం ఎంత, ఏ గంటకు, డెక్సా ఎన్నో డోసు, తర్వాతిది ఎప్పుడు, బీపీ మందులు, చివరి డాప్లర్. ఈ నాలుగూ రాస్తే చాలు. నర్సు వెంట వెళ్లింది, చేతిలో మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్ పెట్టుకుని. మోకాలి రిఫ్లెక్స్ పోతే, ఊపిరి నిమిషానికి 12 లోపుకు పడితే వాడటానికి.

కాన్పు

అక్కడ ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, లివర్ పరీక్షలు బాగానే వచ్చాయి. అందుకే వెంటనే తీయలేదు. స్టెరాయిడ్ నాలుగు డోసులు పూర్తయ్యాయి. షుగర్ 190 దాకా పెరిగితే కొద్ది రోజులు ఇన్సులిన్ ఇచ్చారు. లాబెటలాల్‌కు నిఫెడిపిన్ జోడించి, రోజూ ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగం చూసే పరీక్ష), ఒకరోజు విడిచి ఒకరోజు డాప్లర్ చూస్తూ రెండు వారాలు నెట్టుకొచ్చారు. 33 వారాల 2 రోజులకు బొడ్డుతాడులో డయాస్టోలిక్ ప్రవాహం మాయమైంది, బీపీ మళ్లీ 160 దాటింది. బరువు పెరగని బిడ్డలో ప్రవాహం ఆగితే 33–34 వారాల మధ్య తీయాలనేదే పద్ధతి. అలాంటి బిడ్డ నొప్పుల ఒత్తిడిని తట్టుకోవడం కష్టం కాబట్టి సిజేరియన్. మెగ్నీషియం ఈసారి తల్లికి ఫిట్స్ రాకుండా. బిడ్డ మెదడు రక్షణకు ఇచ్చేది 32 వారాల లోపు మాట.

ఆ రోజు ముఖద్వారం 16 మి.మీ., మూసే ఉంది. నొప్పులు ఒక్కసారీ రాలేదు.

బిడ్డ 1,430 గ్రాములు. బొడ్డుతాడు ఒక నిమిషం ఆగి బిగించారు. సీప్యాప్ ఒకటిన్నర రోజు, వెంటిలేటర్ అక్కర్లేదు. పిండిన తల్లిపాలు, కంగారూ సంరక్షణతో (బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచడం) 1,840 గ్రాములకు చేరాక ఇంటికి పంపారు. తల్లికి గడ్డలు కట్టకుండా ఎనాక్సాపారిన్ 40 మి.గ్రా. రోజూ ఇచ్చారు. బీపీ నాలుగో రోజున 158/104కి ఎక్కింది. కాన్పయింది కదా అని మూడో రోజుకే ఇంటికి పంపేచోట్ల ఇలాంటివాళ్లే ఇంట్లో ఫిట్స్‌తో పడిపోతారు.

ఏది పనిచేసినట్టు?

ప్రొజెస్టిరాన్ వల్లే ముఖద్వారం నిలిచిందని చెప్పలేం. ఆ 2007 ట్రయల్‌లో ఉత్త క్యాప్సూల్ పెట్టుకున్నవారిలో కూడా మూడింట రెండొంతుల మంది 34 వారాలు దాటారు. ఈమె వారిలోనే ఉండి ఉండొచ్చు. ఆస్పిరిన్ సగం మోతాదు వారాలు బీపీని ముందుకు లాగాయా అన్నదీ ఒక్క కేసుతో తేలదు. స్టెరాయిడ్‌ను 28 వారాలకు వేయకుండా 31 దాకా ఆపినా, వేసిన రెండు వారాలకు కాన్పయింది కాబట్టి దాని మేలు పూర్తిగా దక్కిందనీ చెప్పలేం. గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే, బిడ్డను కడుపులోనే ఉంచి పంపడం. ఆ రెండు వారాలు దక్కింది దాంతోనే.

40 దాటిన గర్భిణి అనగానే అందరి కళ్లూ నొప్పుల మీదే ఉంటాయి: పడుకోబెట్టు, కుట్టు వెయ్యి, ఇంజెక్షన్ పొడువు. ఈ కేసులో అటు పూర్తిగా కాపు కాసినా కాన్పు రెండో వైపు నుంచి వచ్చింది. మాకైతే ఇప్పుడు ఈ వయసులో ముఖద్వారం కొలత కన్నా బీపీ చూసే పెద్ద కఫ్ ముందు గుర్తొస్తుంది. వయసు రెండో కొసన వేరే కథ నడుస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, 2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. అక్కడ రక్తహీనత, తక్కువ బరువు, ఆలస్యంగా నమోదు ముందుకొస్తాయి. ఈ ఫైలు పద్ధతి వాళ్లకు సరిపోదు.

ఆరు వారాల విజిట్‌లో ఆమె అడిగింది సెంటర్‌లో ఫ్రీజ్ చేసి ఉన్న మిగతా రెండు పిండాల గురించి. చట్టం 50 ఏళ్ల దాకా ఒప్పుకుంటుంది. మేం రాసిచ్చింది ఇది: మందులు లేకుండా బీపీ నిలబడుతుందో లేదో మూడు నెలలకు చూడాలి, నిలబడకపోతే కిడ్నీ పరీక్షలు, ఎకో (గుండె స్కాన్). 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష ఇప్పుడే మళ్లీ చేయాలి. సిజేరియన్ కుట్టు దృష్ట్యా కనీసం ఏడాదిన్నర ఎడం. పెడితే ఒక్కటే పిండం, వీలైతే ఆమె సొంత అండోత్సర్గం ఉన్న సైకిల్‌లో. ఆస్పిరిన్ 12 వారాలకే, 75వి రెండు. ఈ నెలలు తక్కువ కాన్పు డాక్టర్లు చేసినది, దానంతటదే వచ్చింది కాదు. కాబట్టి దీన్ని చూపించి ముందే కుట్టు వేయకూడదు. 16 వారాల నుంచి టీవీఎస్ కొలతలు చూస్తూ పోవాలి.